సైకియాట్రిస్ట్ దగ్గరకు వెళ్ళమన్నారు, చీటీ 11 రోజులుగా జేబులోనే ఉంది

పల్నాడు ఫిజిక్స్

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్ళు. నరసరావుపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఫిజిక్స్ చెబుతాను. ఆగస్టులో ఒక రోజు జూనియర్ ఇంటర్ పిల్లలకు లోలకం లెక్క చేయిస్తుండగా ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంది. చేతివేళ్ళు తిమ్మిరెక్కాయి, సుద్దముక్క జారిపోయింది. 60 మంది పిల్లల ముందు పడి చచ్చిపోతున్నాను అనే అనుకున్నాను. బోర్డు పట్టుకుని నిలబడ్డాను. పావుగంటలో అంతా తగ్గిపోయింది. పిల్లలు మాత్రం నేను లెక్క మరిచిపోయానని అనుకున్నారు.

ఆ తరువాత మరో నాలుగుసార్లు వచ్చింది. ఒకసారి తెల్లవారుజామున 3 గంటలకు నిద్రలోంచి లేపేసింది. ఆసుపత్రికి పరుగెత్తాను. ఈసీజీ, రక్తపరీక్ష, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ అయ్యాయి, అన్నీ బాగున్నాయి. మూడోసారి వెళ్ళినప్పుడు గుండె డాక్టరుగారు ఫైలు మూసి, ‘మీ గుండె నా గుండె కంటే బాగుంది మాస్టారూ’ అని, రాత్రిపూట వేసుకోమని ఆదుర్దా తగ్గించే మాత్ర అల్ప్రాజొలామ్ 0.25 పది రోజులకు రాసి, కింద ఇంకో వాక్యం రాశారు: సైకియాట్రిస్ట్‌ను సంప్రదించండి.

ఆ చీటీ నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. మధ్యలో చొక్కా ఉతుకుకు వెళ్ళింది. సిరా అలుక్కుపోయింది, ఆ ఒక్క మాట మాత్రం చదవడానికి వస్తోంది. ఇస్త్రీ చొక్కాతో పాటు మళ్ళీ జేబులోకే వచ్చేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నేను తరగతిలో తలుపు పక్కనే నిలబడుతున్నాను. రెండు నెలలుగా గుంటూరు బస్సు ఎక్కలేదు. దారిలో వస్తే ఎవరు దింపుతారు అని భయం. ఇది జబ్బేనని నాకూ తెలుస్తోంది. కానీ వాళ్ళ దగ్గరకు వెళితే ఏమి చేస్తారు? మాట్లాడిస్తారా, మందులిస్తారా? ఇస్తే జీవితాంతం వాడాలా? మత్తుగా ఉంటే పాఠం ఎలా చెప్పను? సైకాలజిస్టు, సైకియాట్రిస్టు, ‘నరాలు మరియు మానసిక’ అని బోర్డు పెట్టినాయన, వీళ్ళలో ఎవరి దగ్గరకు వెళ్ళాలి? మా ఊళ్ళో క్లినిక్ ఉన్న వీధిలోనే రెండు ట్యూషన్ సెంటర్లున్నాయి. ఒక్క తల్లి చూసినా చాలు, సాయంత్రానికి కళాశాల యాజమాన్యానికి తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మా స్టాఫ్ రూములో ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే ‘ఎర్రగడ్డ బస్సు ఎక్కించండి’ అని నవ్వుకుంటాం. అందరికంటే ఎక్కువసార్లు అన్నది నేనే.

రిటైర్డ్ స్టీరింగ్

లెక్చరర్ గారూ, నాకు 63 దాటాయి, తమ్ముడూ అంటాను, ఏమీ అనుకోకండి. మీ చీటీ జేబులో ఉన్నది 11 రోజులే. నేను రెండేళ్ళు తిప్పాను.

ఆర్టీసీలో 29 ఏళ్ళు డ్రైవరుగా చేశాను. వరంగల్ నుంచి నర్సంపేట రోడ్డు నాకు అరచేతి గీత లాంటిది. 2009 వానాకాలంలో ఒక సాయంత్రం గిర్నిబావి దాటాక వెనక టైరు గుంతలో పడి బస్సు ఎగిరింది. మామూలే. కానీ ఆ రోజు ‘గుంత కాదేమో, మనిషేమో’ అనిపించింది. అద్దంలో చూశాను, ఎవరూ లేరు. డిపోలో దిగి టార్చి వేసి చక్రాలన్నీ చూశాను, బురద. ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చున్నాను, ముద్ద దిగలేదు. స్కూటరు తీసుకుని మళ్ళీ అక్కడికి పోయి ఆ గుంత చూసి వచ్చాను.

ఆ తరువాత అది రోజూ పనైపోయింది. ఎక్కడ కుదుపు వచ్చినా బస్సు ఆపి దిగడమే. ప్రయాణికులు తిట్టేవాళ్ళు. కండక్టరు మంచివాడు కాబట్టి ‘మూత్రానికి దిగాడు, షుగరు ఉంది’ అని సర్దిచెప్పేవాడు. పొద్దున్నే పేపరు కొని జిల్లా పేజీలో ప్రమాదాల వార్తలు వెతికేవాణ్ణి. గిర్నిబావి పేరు కనపడకపోతే ‘రేపటి పేపరులో వేస్తారేమో’ అనుకునేవాణ్ణి. నా మనసు అంత గట్టి వకీలు. తాయెత్తు కట్టించుకున్నాను. 2010లో మేడారంలో నిలువెత్తు బంగారం తూగాను. అంటే బెల్లమే. అమ్మవార్ల మీద నాకు ఇప్పటికీ భక్తి ఉంది, కానీ ఆ అనుమానం మాత్రం మేడారం నుంచి నాతో పాటు అదే బస్సులో తిరిగి వచ్చింది.

మొదట నరాల డాక్టరు దగ్గరకు పోయాను. ‘నరాల బలహీనత’ అంటే ఎవరూ నవ్వరు కదా! ఆయన మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి, కళ్ళలో లైటు వేసి, ‘నీ నరాలు బాగానే ఉన్నాయి. నేను చూసేది మూర్ఛ, పక్షవాతం, చేతుల వణుకు. నీకు కావలసింది సైకియాట్రిస్టు’ అన్నాడు. మన ఊళ్ళల్లో సైకియాట్రిస్టులే చాలామంది బోర్డు మీద ‘నరాలు’ అని ముందు రాసి ‘మానసిక’ అని వెనక రాస్తారు, జనం సిగ్గుపడకుండా మెట్లెక్కాలని. కాబట్టి బోర్డు చూసి కంగారు పడకండి, పేరు కింద డిగ్రీ చూడండి.

మొదట వెళ్ళిన సైకియాట్రిస్టు నాకు పడలేదు. తల ఎత్తకుండా మూడు నిమిషాల్లో ఐదు రకాల మాత్రలు రాశాడు. నేను గిర్నిబావి దాకా కూడా రాలేదు, గంట కొట్టి తరువాతివాణ్ణి పిలిచాడు. ఆ కోపంతో ఏడాది ఎటూ పోలేదు. అది నా తప్పు. బస్సు బాగాలేదని ప్రయాణం మానుకుంటామా, వెనక వచ్చేది ఎక్కుతాం కదా.

రెండో ఆయన 50 నిమిషాలు కూర్చోబెట్టాడు. ముందు నన్నొక్కణ్ణే, తరువాత నా భార్యను పిలిచి, మళ్ళీ ఆమెను బయట కూర్చోమని నన్ను ఒక్కణ్ణే. నిద్ర, తిండి, తాగుడు, వంశంలో ఎవరికైనా ఇలాంటిది ఉందా, పాత జబ్బులు, అన్నీ అడిగాడు. ‘చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?’ అని ఏ మెలికా లేకుండా అడిగాడు. అంతకు ముందు ఎవరూ అడగలేదు. అవునన్నాను. ఆయన ఉలిక్కిపడలేదు, ఎప్పుడు, ఎలా అని నెమ్మదిగా అడిగి రాసుకున్నాడు. తరువాత ఒక ప్రశ్న వేశాడు, అది నేను చచ్చేదాకా మరిచిపోను. ‘టైరు కింద చూసి ఎవరూ లేరని తెలిశాక ఎంతసేపు నిమ్మళంగా ఉంటుంది?’ పావుగంట అన్నాను. ‘పావుగంట తరువాత?’ మళ్ళీ చూడాలనిపిస్తుంది అన్నాను. పెన్ను కింద పెట్టి, ‘ఇది నాకు కొత్త కాదు, దీన్ని ఓసీడీ అంటారు. గుద్ది పారిపోయేవాడికి ఈ జబ్బు రాదు, గుద్దుతానేమో అని భయపడేవాడికే వస్తుంది’ అన్నాడు. ఏడ్చేశాను తమ్ముడూ. ఆయన టేబులు మీద టిష్యూ పెట్టె నా వైపు జరిపాడు. అది సగం ఖాళీగా ఉంది. నాకంటే ముందు ఎంతమంది ఏడ్చారో!

నేను డ్రైవర్నని తెలిసి, మొదటి మూడు వారాలు స్టీరింగు ముట్టవద్దని సెలవుకు సర్టిఫికెట్ రాసిచ్చాడు. మత్తు సంగతి ముందే చెప్పాడు. మీరు కూడా పాఠాలు చెప్పే పని అని, ఏ సమయంలో క్లాసులుంటాయో ముందే చెప్పండి. దాన్ని బట్టి మందు, వేళ చూస్తారు. నాకు సెర్ట్రలిన్ అనే మందు 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెమ్మదిగా 200 దాకా తీసుకెళ్ళారు. ఓసీడీకి మోతాదు ఎక్కువ కావాలట, సమయమూ ఎక్కువ పడుతుందట. మొదటి వారం కడుపులో తిప్పింది. ఆరు వారాలు ఏమీ తెలియలేదు, మందు దండగ అనుకున్నాను. పదో వారంలో ఒక రోజు నర్సంపేట బస్టాండులో టీ తాగుతూ ఉన్నాను. గిర్నిబావి గుంత దాటి వచ్చాను, అద్దంలో చూడలేదు అని అప్పుడు గుర్తుకు వచ్చింది. టీ చల్లారిపోయింది.

మందుతో పాటు ఆయనే ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు పంపారు. చిన్న వయసు అమ్మాయి, మందు రాయదు. ఆమె పని వేరు. కుదుపు వస్తే దిగకూడదు, భయం పదింటికి ఎన్ని మార్కులో నోటుబుక్కులో రాయాలి, అది దానంతటదే దిగేదాకా కూర్చోవాలి. మొదట ప్రయాణికుడిగా, తరువాత డ్రైవరు సీటులో. నా భార్యకు, కండక్టరుకు కూడా పాఠం చెప్పింది: ‘ఎవరూ పడలేదు కదా?’ అని నేను అడిగితే జవాబు చెప్పకూడదట! జవాబు చెప్పిన ప్రతిసారీ జబ్బుకు మేత వేసినట్టేనట. మా కండక్టరు ఆ తరువాత నేను అడిగినప్పుడల్లా కిటికీలోంచి చూస్తూ టికెట్ల లెక్క పైకి చదివేవాడు.

ఏడాదికి బాగైపోయానని నా అంతట నేనే మందు ఆపాను. మూడు నెలల్లో మళ్ళీ టార్చి చేతికి వచ్చింది. సిగ్గుపడుతూ వెళితే డాక్టరుగారు తిట్టలేదు, ‘ఆపాలనుకున్నప్పుడు నాకు చెప్పి ఉంటే ఇద్దరం కలిసి ఆపేవాళ్ళం’ అన్నారు, అంతే. 2016లో నిజంగానే తగ్గిస్తూ తగ్గిస్తూ ఆపించారు.

తెల్లవారుజాము నడక

ఇవన్నీ మనసు గట్టిగా లేకపోవడం వల్ల వచ్చేవి. సైకియాట్రిస్టులు నిద్రమాత్రలు తప్ప ఏమీ ఇవ్వరు. 40 రోజులు ప్రాణాయామం చేయండి, కాఫీ మానండి, అదే పోతుంది.

రిటైర్డ్ స్టీరింగ్

ప్రాణాయామం నేనూ చేశానండీ, ఇప్పటికీ చేస్తాను, మంచిదే. ఆ రోజుల్లో మాత్రం ఒకసారి టైరు కింద చూసి వచ్చి కూర్చునేవాణ్ణి, అయ్యాక మళ్ళీ వెళ్ళి చూసేవాణ్ణి.

మందుల కొట్టు

పాతికేళ్ళుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. మాస్టారి మాటల్లో నాకు అన్నిటికంటే ముందు కనపడింది ఆ అల్ప్రాజొలామ్.

పది రోజులకు రాశారు, పది రోజులే వాడండి. ఇది వేసుకున్న అరగంటలో హాయినిస్తుంది, అందుకే దానితో చిక్కు. అదే పాత చీటీ పట్టుకుని ఆరు నెలల తరువాత కౌంటరు దగ్గర నిలబడే పెద్దమనుషులను రోజూ చూస్తాను, వాళ్ళలో బ్యాంకు మేనేజర్లున్నారు, పూజారులున్నారు. ఇది హెచ్1 షెడ్యూలులో ఉన్న మందు. అమ్మిన ప్రతిసారీ డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. నేను కాదంటే పక్క షాపులో ఇస్తాడని బెదిరిస్తారు. ఇక నెలల తరబడి వాడినవాళ్ళు ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, ఫిట్స్ కూడా రావచ్చు. అదీ డాక్టరు చెప్పినట్టే తగ్గించుకోవాలి.

సైకియాట్రిస్టులు ఇలాంటి ఆదుర్దాకు సాధారణంగా రాసేవి ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి. అవి నిద్రమాత్రలు కావు. వేసుకోగానే ఏమీ తెలియదు, రెండు మూడు వారాలకు కానీ మొదలుకాదు. ‘పని చేయడం లేదు, తిరిగి తీసుకోండి’ అని వారానికే స్ట్రిప్పు వెనక్కి తెచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. ఖరీదు గురించి భయపడకండి. ఈ మందులు చాలా పాతవి, జెనరిక్‌లో చవకగానే దొరుకుతాయి. మీ గుండె పరీక్షలకు అయిన డబ్బుతో చాలా కాలం వాడవచ్చు.

పీజీ రెండో ఏడాది

ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో సైకియాట్రీ పీజీ చేస్తున్నాను. మాస్టారూ, చూడకుండా మీకు ఫలానా జబ్బు అని చెప్పడం నా పని కాదు. అయినా మీరు రాసినది చదివితే ఎవరికైనా ముందు ప్యానిక్, అంటే ఉన్నట్టుండి విరుచుకుపడే భయం, గుర్తుకు వస్తుంది, కాబట్టి గుండె రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్ళండి. వాటితో పాటు థైరాయిడ్ పరీక్ష ఉంటే అదీ. థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది, అందుకే మేమూ మొదట శరీరాన్నే అనుమానిస్తాం. మేమూ ఎంబీబీఎస్ చేసి వచ్చినవాళ్ళమే, ఈ సంగతి చాలామంది మరిచిపోతారు.

డిగ్రీ విషయం: సైకియాట్రిస్టుకు ఎంబీబీఎస్ తరువాత ఎం.డి. సైకియాట్రీ, డి.ఎన్.బి. లేదా డి.పి.ఎం. ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. నాలుగు వారాంతాల కోర్సు చేసి ‘మైండ్ ఎక్స్‌పర్ట్’ అని బోర్డు పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు, అడగడానికి మొహమాటపడకండి.

మీ ఊళ్ళో మొహం చెల్లకపోతే గుంటూరు జనరల్ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది. అక్కడ మొదట మాలాంటి పీజీలే గంటసేపు వివరాలు రాస్తారు, తరువాత పెద్ద డాక్టరుగారు చూస్తారు. జనం ఎక్కువ, ఓపిక కావాలి. బస్సు ఎక్కడమే మీ సమస్య అని గమనించాను, మొదటిసారికి ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి. ముందుగా ఫోనులో మాట్లాడాలంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి పని చేస్తోంది, ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడు వచ్చినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, దగ్గరలోని క్యాజువాలిటీకి వెళ్ళండి.

యాజమాన్యం సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షను ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం మా బాధ్యత, మీ ప్రిన్సిపాల్ ఫోను చేసి అడిగినా చెప్పం. ఓపీకి వచ్చినవాళ్ళను పట్టుకుని వార్డులో వేస్తారన్న భయం చాలామందిలో చూస్తాను. మీకు చేర్చుకోవలసిన అవసరమే కనపడదు. ఇక ఎర్రగడ్డ జోకు గురించి: నేను అక్కడ పోస్టింగు చేశాను. అక్కడి ఓపీ క్యూలో నిలబడేవాళ్ళు ఏ బస్టాపులోనైనా మీ పక్కన నిలబడేవాళ్ళలాగే ఉంటారు.

పల్నాడు ఫిజిక్స్

తొమ్మిది రోజుల తరువాత రాస్తున్నాను. అందరికీ, ముఖ్యంగా డ్రైవరన్నకు, నమస్కారం.

ముందు ఇంట్లో చెప్పాను. చీటీ తీసి మా ఆవిడ చేతిలో పెడితే ఆమె విప్పి కూడా చూడలేదు. ‘తడిసిందని ఇస్త్రీ పెట్టి ఆరబెట్టింది నేనే కదండీ, మీరే చెబుతారని చూస్తున్నాను’ అంది. అది మామూలు ఇస్త్రీ కాదని నాకు అప్పుడు కానీ తట్టలేదు. ఉతుకులో తడిసిన కాగితం అంత సాపుగా మళ్ళీ జేబులోకి ఎలా వస్తుంది? ఫిజిక్స్ చెప్పేవాణ్ణి నేను!

గుంటూరు వద్దు, మా ఊళ్ళోనే చూపిద్దాం అన్నది కూడా ఆమే. ట్యూషన్ల వీధిలో క్లినిక్కే. డాక్టరుగారు నా వయసే ఉంటారు. రోజుకు ఎన్ని కాఫీలు అని అడిగారు, ఏడు అన్నాను. ఆయన ముఖం చూసి అది ఎక్కువని తెలిసింది (నడక గారూ, కాఫీ గురించి మీరన్న ఆ ఒక్క మాట నిజం). మొదటిసారి ఎప్పుడు, ఏ క్లాసు, ఏమి చెబుతున్నారు అని అడిగారు. ఆ తరువాత ఒక పని చేయించారు. కుర్చీలో కూర్చోబెట్టి ఒక నిమిషం గబగబా ఊపిరి పీల్చి వదలమన్నారు. నలభై సెకన్లకే వేళ్ళు తిమ్మిరెక్కాయి, గుండె అందుకుంది. ‘ఇదేనా?’ అన్నారు. ఇదే. అచ్చంగా ఇదే. ‘అంత వేగంగా వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, తిమ్మిరి దాని వల్లే. ఇప్పుడు మామూలుగా పీల్చండి, చూద్దాం’ అన్నారు. మూడు నిమిషాల్లో పోయింది. రెండు నెలలుగా నన్ను చంపుతుందనుకున్నదాన్ని ఆయన ఒక ప్రయోగంలా చేసి చూపించి తీసేశారు. పిల్లలకు నేను ల్యాబులో చేసే పనే.

ఎస్సిటలోప్రామ్ ఐదు మిల్లీగ్రాములు, పొద్దున టిఫిను తరువాత. అల్ప్రాజొలామ్ ఆపమన్నారు. థైరాయిడ్ పరీక్ష రాశారు. రోజూ ఒక స్టాపు దూరం బస్సులో వెళ్ళి రావాలి, తలుపు పక్క సీటు మాత్రం వద్దు. రెండు వారాల తరువాత రమ్మన్నారు. మందు వేసుకుంటే కడుపులో తిప్పుతోంది, డ్రైవరన్న చెప్పినట్టే. నిన్న రెండు స్టాపులు వెళ్ళాను.

బయట హాలులో కూర్చున్నప్పుడు ఒకాయన నావైపే చూస్తున్నాడు. జూనియర్ ఇంటర్ బి సెక్షనులో ఒక పిల్లవాడి తండ్రి. నేను ఈ ఊళ్ళో ఎవరు చూస్తారని భయపడ్డానో సరిగ్గా అలాంటి మనిషి. నా చేతిలో చీటీ, ఆయన చేతిలో చీటీ. ఆయన నంబరు 11, నాది 14. కాసేపు ఇద్దరం గోడ మీద ఫ్యాను చూశాం. తరువాత ఆయనే కుర్చీ దగ్గరకు జరిపి, ‘సార్, మావాడికి ఆ లోలకాల పాఠం అర్థం కాలేదట, మళ్ళీ ఒకసారి చెబుతారా?’ అన్నాడు. సోమవారం మూడో పీరియడులో చెబుతానన్నాను.